దించిన పటం

ఆదివారం, ఓక్‌విల్, కెనడా

కమిటీ మాటకి తలొగ్గి, ఈరోజు చర్చి గోడ మీది ప్రభువు పటాన్ని నా చేతులతోనే దించాను. సుగుణమ్మ ఆంటీ వారం వారం దానికి దండ వేసి, తాకి కళ్ళకద్దుకుంటుంది. అది విగ్రహారాధనట!

పటం ఆవిడ ఇచ్చిందే. "మీరేం చేస్తార్లెండి పాస్టర్ గారూ, ఇటివ్వండి" అని శాలువాలో చుట్టుకుని, మంచులో బస్టాపుకి నడిచింది. రైడ్ ఇస్తానన్నా వద్దంది.

వెనకటికి కాన్‌స్టాంటినోపుల్ పెద్ద బిషప్పు, పటాలు తీసేయమన్న చక్రవర్తికి ఎదురుచెప్పి పీఠమే వదులుకున్నాడని బైబిల్ స్టడీలో ఎంత గొప్పగా చెప్పేవాణ్ణి! నేను ఒక్క మాట అనలేదు. ఈ దేశంలో స్థిరపడ్డానికి పెట్టుకున్న నా పీఆర్ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆ కమిటీయే మరి...

ఇంటికొచ్చి, పోయిన అమ్మ ఫోటోకి దండ సరిచేసి, రోజూలాగే తాకి కళ్ళకద్దుకున్నాను. ఆ తర్వాతే గుర్తొచ్చింది, పొద్దున నేను చేసిన పని.