మసి కాని నలుపు

బావగారికి నమస్కారాలు.

మీరు పంపిన చవకరకం నాన్‌స్టిక్ పెనాన్ని మా ప్రయోగశాలలో పరీక్షించాను. ఇనుప పీచుతో మూడు వారాలు శ్రమించి మీరు వదిలించినది మసి కాదు, గుడ్డు అంటకుండా వేసిన పూత. కడుపులోకి పోయిన పెచ్చులు సాధారణంగా అలాగే బయటికి వచ్చేస్తాయి, కంగారుపడకండి. పూత మిగిలిన పెనాన్ని మాత్రం ఖాళీగా పెద్ద మంటమీద కాల్చకండి. ఆ పొగ మంచిది కాదు.

"మా ఆయన చేయి పడితే అద్దమే" అని అక్క గొప్పగా చెప్పడంతో ఇరుగుపొరుగు తెచ్చిచ్చిన పదకొండు పెనాలనూ మెరిపించి వంటింట్లో పేర్చానని రాశారు. ఇంటి యజమాని పెనాన్నీ త్వరలో తోముతానన్నారు కనుక, దయచేసి పీచు కిందపెట్టి తక్కినది చదవండి.

ఆదివారం పదకొండు కొత్త పెనాలతో వస్తాను. అక్కకు నేనే నెమ్మదిగా చెబుతాను. ఈలోగా ఎవరైనా వచ్చి అడిగితే, ఇంకా తోముతున్నానని చెప్పండి.

మీ బావమరిది