నాలుగో నంబరు మెషీను

ప్రియమైన మొండిఘటానికి,

క్యాంపులో చేరిన రోజే మీ మాస్టారు అందరి ఫోన్లూ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడట, మీ అమ్మ చెప్పింది. ఆ మాస్టారెవరో గానీ నాకు నచ్చాడు. ఆట అయ్యేదాకా మనకిక ఉత్తరాలే గతి. "ఊఁ, బాగానే ఉన్నా, పెట్టేస్తున్నా" అని ఈసారి నువ్వు తప్పించుకోలేవు. ఫోన్లో అబద్ధం నోటికొచ్చినట్టు వస్తుంది. కాగితం మీదైతే దాన్ని కూర్చుని మరీ రాయాలి.

నా కుడికంట్లో శుక్లం ముదిరిందట, వచ్చే వారం తీస్తారు. కంగారుపడకు. నలభై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూటు నడిపి, కొట్టేటప్పుడు మెషీను మీది అక్షరాల వైపు చూసిన ప్రతివాడికీ చీవాట్లు పెట్టినదాన్ని. కన్ను మూసినా ఈ మెషీను మీద నీకు ఉత్తరం కొట్టగలను.

అసలు సంగతికొస్తాను. బస్టాపు గోడ మీద మీ ఆట పోస్టరు చూశాను. నీతో తలపడే పిల్ల బొమ్మ నిలువెత్తున వేశారు, నీది తపాలా బిళ్లంత. దాని కింద 'మెరుపు: పుట్టుకతోనే బాక్సరు' అని రాశారు. నీ కింద 'అలుపెరగని శ్రమ' అట. చదివితే నా మనవరాలో, బండెద్దో తేల్చుకోలేకపోయాను.

పుట్టుకతోనే బాక్సరంటే ఏమిటే? పుట్టగానే డాక్టరమ్మ ముక్కు పగలగొట్టిందా? ఎగతాళికి అడగడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. రెండేళ్ల కిందట అది నిన్ను ఓడించింది కదా. నువ్వు కొడుతుండగా తప్పుకుందా, కొట్టబోతుండగా తప్పుకుందా, కొట్టాలని నువ్వు అనుకోకముందే తప్పుకుందా? మూడింటికీ చాలా తేడా ఉంది. ఆలోచించి రాయి.

నీ క్షేమం కన్నా నీ జవాబు కోసం ఎక్కువ ఎదురుచూస్తూ,
అమ్మమ్మ

---

ప్రియమైన అమ్మమ్మకి,

క్షేమమే. గదిలో ఎనిమిది మంచాలు, కిటికీకి ఒకటే రెక్క. చేతికి చుట్టుకునే గుడ్డపట్టీలు ఆరేసి ఆరేసి గదంతా పుల్లటి వాసన. నా ముక్కు ఎటూ పనిచేయదు కాబట్టి నాకేం ఇబ్బంది లేదు.

నీ ప్రశ్నకి జవాబు: మూడోది. నా మోచెయ్యి కదలకముందే దాని తల పక్కకి వెళ్లిపోతుంది. నా మనసులో మాట ఎవరో దాని చెవిలో చెబుతున్నట్టు ఉంటుంది. పుట్టుకతో వచ్చిందంటే అదే అమ్మమ్మా. అది నేర్పితే వచ్చేది కాదు.

నిన్న పత్రికలవాళ్ల కోసం మా ఇద్దరి చేతా ఒకే హాల్లో ప్రాక్టీసు చేయించారు. మెరుపు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. బ్యాగు మీద పది నిమిషాలు కొట్టి, కుర్చీలో కూలబడి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. పాట వింటున్నట్టు తల ఊపుతూ కూర్చుంది! నేను అక్కడే చెమటలు కక్కుతూ బ్యాగుని చితక్కొడుతున్నాను. ఫొటోలన్నీ దానికే తీశారు.

ఒక సంగతి అమ్మకి చెప్పకు. పోటీలు పెట్టే ఆయన నన్ను పిలిచి, "ఇది కూడా ఓడితే ఇక నీ పేరు పోస్టరెక్కదమ్మా. కావాలంటే మెరుపులాంటివాళ్ల ప్రాక్టీసుకి ఎదురు నిలబడే పని ఇప్పిస్తా" అన్నాడు. అంటే నడిచే బ్యాగునన్నమాట. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఇంకో పని రాదు.

కన్ను జాగ్రత్త.
నీ మొండి

---

ప్రియమైన మొండికి,

కంటి ఆపరేషన్ అయింది. కంటికి కట్టు కట్టి, ఫోనూ టీవీ చూడొద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు. వినొద్దని మాత్రం చెప్పలేదు.

ఎదురింటి టైలరమ్మ నా ఫోన్లో నీ రెండేళ్ల కిందటి ఆట పెట్టింది. "చూడకుండా ఏం అర్థమవుతుందండీ, ఎవరు ఎవరిని కొడుతున్నారో నేను చెప్పనా?" అంది. "నువ్వు నోరు మూసుకుని కాజాలు కుట్టుకో తల్లీ" అన్నాను. ముప్పై మంది ఒకేసారి కొడుతున్న గదిలో తప్పు ఏ మెషీను దగ్గర పడిందో వెనక్కి తిరక్కుండా చెప్పినదాన్ని నేను.

మొదటిసారి జనం గోలే వినిపించింది. రెండోసారి మీ బూట్ల కీచుమనే చప్పుడు. మూడోసారి ఇంకేదో వినిపించింది. వినిపించాక కాఫీ కలుపుకోవాలని లేచి, కలుపుకోకుండానే మళ్లీ కూర్చున్నాను.

ఇంకా ఖాయంగా తెలియదు, కాబట్టి చెప్పను. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. మీ మాస్టారు నువ్వు బ్యాగు కొడుతుంటే దేనితోనైనా తాళం వేస్తాడా?

ఆలస్యం చెయ్యకు.
అమ్మమ్మ

---

ప్రియమైన అమ్మమ్మా,

వేస్తారు! నీకెలా తెలిసింది? చీపురుకర్ర ముక్క ఒకటి ఉంటుంది, దాంతో రింగు అంచు మీద కొడుతుంటారు. టక్‌టక్, ఆగి, టక్. టక్‌టక్, ఆగి, టక్. అసలు నేను ఈ మాస్టారి దగ్గర చేరిందే అందుకు. మొదటిరోజు ఆ చప్పుడు విని నీ ఇన్‌స్టిట్యూటుకి వచ్చినట్టే అనిపించింది. "నువ్వు గడియారంలా కొడతావే" అని అందరి ముందూ మెచ్చుకుంటారు. ఈ వారం నుంచి రోజుకి వెయ్యి పంచ్‌లు కొడుతున్నాను. ఒక్కటి కూడా తాళం తప్పలేదు.

అయినా భయంగా ఉంది. ఇంకా తొమ్మిది రోజులే.

నిజం చెప్పు అమ్మమ్మా. నాలో పుట్టుకతో ఏమీ లేదు కదూ? చిన్నప్పుడు నువ్వే అనేదానివి, "మన ఇంట్లో ఎవరికీ ఏదీ ఊరికే రాలేదు, రెక్కల కష్టమే మన ఆస్తి" అని. ఆ మాట పట్టుకునే ఇంతదూరం వచ్చాను. ఆ ఆస్తి కరిగిపోతే ఇంకేం మిగులుతుంది?

నీ మొండి

---

ప్రియమైన తల్లీ,

మొండి అని పిలవాల్సినదాన్ని తల్లీ అన్నానంటే నేనేదో తప్పు చేశానని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

నువ్వు గడియారంలా కొడుతున్నావు. అదే జబ్బు. రెండు కొట్టి, ఆగి, ఒకటి. ఎనిమిది రౌండ్లూ అంతే. గడియారం ఎప్పుడు గంట కొడుతుందో తెలుసుకోవడానికి పుట్టుకతో ఏ విద్యా రానక్కర్లేదు, చెవులుంటే చాలు. ఇంట్లో కూర్చుని, కట్టు కట్టుకున్న ముసలిదాన్ని, మూడోసారి వినేసరికి నీ తర్వాతి దెబ్బ ఎప్పుడో ముందే చెప్పగలిగాను. టైలరమ్మ నన్ను మంత్రగత్తెను చూసినట్టు చూసింది.

ఆ తాళం మీ మాస్టారిది కాదు. నాది.

నీకు ఆరేళ్లప్పుడు మీ అమ్మ ఉద్యోగానికి వెళుతూ నిన్ను నా ఇన్‌స్టిట్యూటులో దింపేది. నాలుగో నంబరు మెషీను పాడైపోయింది కాబట్టి నీకిచ్చాను. నువ్వు దాన్ని వాయించేదానివి. మూడు గబగబా కొట్టేదానివి, ఊరుకునేదానివి, మళ్లీ కొడతావనుకుంటే కొట్టేదానివి కాదు, ఇక కొట్టవులే అనుకోగానే ఒకటి. వాన వెలిశాక గుంటలు తప్పించుకుంటూ నడిచేవాడి అడుగుల్లాగ. ముప్పై మంది చేతులు ఆపి నీ వైపు తిరిగేవాళ్లు. నలభై ఏళ్లలో తర్వాతి దెబ్బ ఎప్పుడో నేను పట్టుకోలేకపోయింది ఒక్క నీ దగ్గరే.

నాకు ఒళ్లు మండింది. చెక్క స్కేలు తీసుకుని బల్ల మీద టక్‌టక్, ఆగి, టక్. రెండేళ్లు పట్టింది నిన్ను దారిలో పెట్టడానికి. "ఎలాగో చక్కబడింది" అని మీ అమ్మతో గొప్పగా చెప్పాను. అప్పుడే ఆ రెక్కల కష్టం మాట కూడా అన్నాను. చెప్పడానికి బాగుందని అన్నాను, నిజమని కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పుడకలదాకా ఎందుకు, ఒక చెక్క స్కేలు చాలు.

నీలో ఏముందని అడిగావు. ఉండేది. నేను దిద్దేశాను. ఇంకా మిగిలి ఉందో లేదో నాకు తెలియదు. తెలిస్తే నువ్వే చెప్పాలి.

తిట్టుకున్నా సరే, తినడం మానకు.
అమ్మమ్మ

---

ప్రియమైన అమ్మమ్మకి,

నీ ఉత్తరం ఆటకి ముందురోజు అందింది. చదివి మడిచి బూటులో పెట్టుకున్నాను. గౌరవంతో కాదు, తొక్కాలనిపించి. వెయ్యి చొప్పున కొట్టినదంతా నా తర్వాతి దెబ్బ మెరుపుకి ముందే చెప్పడానికేనా అని రాత్రి అన్నం సయించలేదు. (ఉదయం రెండింతలు తిన్నాను. అడుగుతావని రాస్తున్నా.)

నాలుగు రౌండ్లు అలవాటుగానే కొట్టాను. చేతులు నా మాట వినవు కదా, నీ మాట విని పెరిగినవి. మెరుపు నవ్వుతూ తప్పుకుంటూనే ఉంది. నాలుగో రౌండు ముగిసిన గంట కొట్టాక మూలకొచ్చి, "మాస్టారూ, ఆ కర్ర ఆపండి" అన్నాను.

"ఏమన్నావ్?"

"తాళం వద్దు మాస్టారూ."

"తాళం లేకపోతే తన్నులు తింటావే పిచ్చిదానా!"

"ఉన్నా తింటూనే ఉన్నాను కదండీ."

ఆయన కర్ర కుర్చీ కింద పడేశారు. మొహం చూస్తే ఇంట్లోంచి వెళ్లగొట్టినట్టే ఉంది.

ఐదో రౌండులో మొదటి నిమిషం అసలు కొట్టలేకపోయాను. జనం ఈలలు వేశారు. "నిద్రొస్తోందా?" అని అరిచాడొకడు. అప్పుడు కాలి కింద నీ ఉత్తరం గరగరమంది. వానగుంటలు గుర్తొచ్చాయి. మూడు కొట్టాను. ఊరుకున్నాను. మెరుపు తల పక్కకి వంచింది, అక్కడ నా చెయ్యి లేదు. అది తల నిటారుగా పెట్టుకున్నాక వచ్చింది నా దెబ్బ. సరిగ్గా ముక్కు మీద.

దాని కళ్లు అంత పెద్దవని నాకు అప్పుడే తెలిసింది.

ఏడో రౌండులో ఒకసారి కిందపడింది. రిఫరీ ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచింది. చివరికి ఒక్క పాయింటుతో నేనే ఓడిపోయాను. మొదటి నాలుగు రౌండ్లూ దానికే ఇచ్చేశాను కదా. అయినా జనం కుర్చీలు వదల్లేదు, మళ్లీ ఆడించమని ఒకటే గోల. నన్ను నడిచే బ్యాగుని చేస్తానన్న పెద్దమనిషి గ్లవ్స్ విప్పకముందే వచ్చి, నాలుగు నెలల్లో మళ్లీ మా ఇద్దరికే ఆట పెట్టాడు.

ఇది కాదు అసలు సంగతి. బట్టలు మార్చుకునే గదికి మెరుపు వచ్చింది, ముక్కులో దూది పెట్టుకుని. ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టింది. పాట కాదమ్మమ్మా. టక్‌టక్, ఆగి, టక్. నా పంచ్‌లు! నా పాత ఆటలన్నీ!

"ఆరు నెలలు. రోజుకి మూడు గంటలు" అంది. "నాకేదీ పుట్టుకతో రాలేదక్కా. కుడి, ఎడమా నేర్చుకోవడానికే ఏడాది పట్టింది. పుట్టుకతో అని రాస్తే జనం వస్తారట, రాసుకోమన్నాను. ఐదో రౌండు నుంచి కొట్టావే, అది ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"నేర్చుకోలేదు" అన్నాను. "మా అమ్మమ్మ దగ్గర మరిచిపోయాను."

కోపం ఇంకా కొంచెం ఉంది. ఇంటికొచ్చి చూపిస్తాను.
నీ మొండి

---

ప్రియమైన మొండికి,

కట్టు విప్పారు. టైలరమ్మకి ఇన్ని ముడతలున్నాయని ఇన్నాళ్లూ తెలియదు. నాకున్నవి ఆవిడ చెప్పింది.

నాలుగో నంబరు మెషీను దుమ్ము దులిపి, నూనె వేసి, బల్ల మీదికి ఎక్కించాను. చెక్క స్కేలు కిటికీ రెక్క మూసుకోకుండా అడ్డం పెట్టాను. ఇన్నేళ్లకి దానికొక మంచి పని దొరికింది.

నీ కోపంతోపాటు ఆ పిల్లని కూడా వెంట తీసుకురా. రోజుకి మూడు గంటలు చెవి ఒగ్గి కూర్చునే విద్యార్థి నలభై ఏళ్లలో నాకు ఒక్కరూ దొరకలేదు. నువ్వు నాలుగో నంబరు దగ్గర కూర్చుని నీ ఇష్టమొచ్చినట్టు కొట్టు. అది మూల కుర్చీలో కూర్చుని వింటుంది. నాలుగు నెలల తర్వాత మళ్లీ నీతో ఆడాల్సినదానికి ఇదంతా వినిపించడమేమిటని మీ మాస్టారు గుండెలు బాదుకుంటాడు. బాదుకోనీ, తాళం తప్పకుండా.

అది పట్టుకోగలదా, లేదా? నేనైతే పట్టుకోలేకపోయాను. అది పట్టుకుంటుందేమో చూడాలని, ఈ వయసులో, రాత్రిళ్లు నిద్రపట్టనంత కుతూహలంగా ఉంది.

రెండు కుర్చీలు తుడిచిపెట్టి,
అమ్మమ్మ