ఆరో బెడ్, నాలుగు గంటల బీపీ

బుధవారం రాత్రి

ఇయ్యాల నాకు ఆఫ్. అయినా నిద్ర వస్తలేదు. వరుసగా పదకొండు నైట్ డ్యూటీలు చేసిన ఒంటికి రాత్రే పగలైంది.

పొద్దున డ్యూటీ అప్పజెప్పేటప్పుడు చూస్తే, ఆరో బెడ్ చార్టుల నాలుగు గంటల బీపీ రాసి ఉంది. పక్కన నా సంతకం. నేనైతే చూడలె. వార్డుల నాతోటి ఉన్న నర్సు షాహీన్ ఒక్కతే. బీపీ చూడకుండనే అంకె వేసి, నా సంతకం దించిందనుకున్న.

"అక్కా, నువ్వే చూసినవ్. జర యాద్ చేస్కో," అన్నది.

ఎంత నిమ్మళంగ అన్నదో! అబద్ధమాడేటోళ్లే అట్ల మాట్లాడతరనుకొని ఇన్‌చార్జి సిస్టర్‌కు చెప్పేసిన. రేపు షాహీన్‌ను ఆఫీసుకు రమ్మన్నరు. డ్యూటీ దిగినంక అమీర్‌పేట నుంచి ఇద్దరం ఒక్క ఆటోలనే ఇంటిదిక్కు వచ్చినం. ఎర్రమంజిల్ కాడ దిగేటప్పుడు సుత అది నా దిక్కు చూడలె. తప్పు చేసింది గనకనే అనుకున్న.

ఇందాక యూనిఫాం నానబెడదామని తీస్తే, జేబుల ప్లాస్టర్ ముక్క అంటుకొని ఉంది. చేతిల కాగితం లేనప్పుడు మేం దానిమీదనే రాసుకుంటం. "ఆరో బెడ్, నాలుగు, 130/70." చార్టుల ఉన్న అంకెనే. ఏడుకు నడుమల అడ్డగీత ఉంది. అట్ల కొట్టేది వార్డుల నేనొక్కదాన్నే.

షాహీన్‌కు ఫోన్ చెయ్యాలె. చేసి ఏమనాలె?

బీపీ చూసింది నాకు యాదికి లేదు. మరి గా గంటల ఎవరికన్న ఇంజెక్షన్ సుత ఇచ్చిన్నేమో... జేబులన్నీ రెండుసార్లు తిరగేసిన. ఇంకో ముక్క దొరకలె.