పేతురు మడమలు

క్రిసాంతో బావా,

ఐదు రొట్టెలను ఐదువేలమందికి పంచితే వాటి రుచి తగ్గిందా? మత్తయి పద్నాలుగు తీసి చదువు. నీ చెక్కడానికి అచ్చు తీసి ప్లాస్టర్ నకళ్ళు పోస్తే నీ పనితనం చవకైపోతుందని నిన్న మొండికేశావు. యేసయ్య శిష్యుల కాళ్ళు కడుగుతున్నట్టు నువ్వు చెక్కిన చెక్కపలక మీద పేతురు మడమలు తడిమి, చేపలమ్మే పసింగ్ అవ్వ ఏమందో తెలుసా? "ఓరి నాయనో, ఈయనకీ నాలాగే పగుళ్ళా! యేసయ్య కడిగింది ఇట్లాంటి కాళ్ళనేనా?" అంటూ నవ్వుతూనే ఏడ్చింది. ఆమె గోడకున్నది చిరిగిన క్యాలెండరొక్కటే. రేపు పొద్దున్నే ఆ పలక పడవెక్కి మనీలా షావుకారింటికి పోతుంది. మళ్ళీ మన వీధివాళ్ళెవరికీ కనబడదు. అచ్చు మన దగ్గరుంటే ఇంటికొకటి పోసివ్వొచ్చు, మొదటిది అవ్వకే. ఈ ఉత్తరంతోనే ప్లాస్టర్ బస్తా పంపుతున్నాను. ప్రార్థన సంగతి నేను చూసుకుంటాను. నువ్వు లే, ఇవాళే అచ్చు తియ్యి!