హైండ్ల్ గారి బీరు

వైసెన్‌బాఖ్,
1868 ఆగస్టు

నన్ను ఎత్తుకు పెంచిన అఫ్రా అక్కకు,

రేగెన్స్‌బుర్గులో నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను. వ్యాపారం ఎలా ఉందని అడిగావు. దానికేం, దివ్యంగా ఉంది. కొండ తొలిపించి కట్టిన నేలమాళిగలో మంచు వేసవి చివరిదాకా నిలుస్తోంది. మన బీరు రైలెక్కి న్యూరెంబర్గు పోతోంది. త్వరలో ఆవిరి యంత్రం కూడా వస్తుంది. నేనెలా ఉన్నానని మాత్రం నువ్వు అడగలేదు. చెబుతాను, నవ్వకు. చచ్చిపోయిన మనిషిని తలుచుకుని నేను కుళ్ళిపోతున్నాను.

ఎగిడ్ హైండ్ల్ గారి దగ్గర పనివాడిగా చేరాను. ఆయన జ్వరంతో పోయాక ఏడాది తిరక్కుండా ఆయన భార్య వాల్‌బుర్గాను పెళ్ళాడి ఈ బీరు బట్టీకి యజమానినయ్యాను. ఇదంతా ఊరందరికీ తెలుసు. తెలిశాక ఊరుకుంటారా? మొన్న మా సత్రంలో కమ్మరి కాస్పర్ గ్లాసెత్తి, "హైండ్ల్ గారి ఆత్మకు!" అన్నాడు. నా బీరు తాగుతూ!

"కాస్పరూ, ఇది కాచింది నేను" అన్నాను.

"కాదన్నానా? బట్టీ ఆయనది, పీపాలు ఆయనవి, నువ్వు పడుకునే మంచం ఆయనది. పాపం, కాచే కష్టం ఒక్కటీ నీది!"

అందరూ బల్లలు చరిచి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా లోకువ.

ఊరి మాటలు భరిస్తాను. వాల్‌బుర్గా సంగతే భరించలేను. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఒంటరిగా ఆయన సమాధికి వెళుతుంది. "నేనూ రానా?" అంటే "వద్దు" అంటుంది. కళ్ళు ఎర్రగా చేసుకుని తిరిగి వస్తుంది. ఒక ఆదివారం దొంగలా చెట్ల చాటున నిలబడి చూశాను. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎముకలతో చెప్పుకునే మాటల్లో సగమైనా నాతో చెప్పుకోదు అక్కా! ఇంటికొచ్చి, ఆయన తాగిన కప్పులోంచి తాగబోయి, ఉన్నదంతా పారబోసి కప్పు బోర్లించేశాను.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. గేటు మీద ఇనుప అక్షరాలతో "హైండ్ల్" అని ఇంకా అలాగే ఉంది. యంత్రం వచ్చే రోజున దాన్ని దింపించి మన ఇంటిపేరు "ఎబ్నర్" అని పెట్టిస్తాను. అక్షరాలు కాస్పర్‌కే పురమాయించాను. భోజనం దగ్గర ఈ మాట చెబితే వాల్‌బుర్గా చెంచా కింద పెట్టి, లేచి వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో నేనెవర్ని, అక్కా?

నీ తమ్ముడు
కిలియాన్

వైసెన్‌బాఖ్,
1868 అక్టోబరు

అక్కా,

"బతికున్నవాడికి చచ్చినవాడితో పోటీ ఏమిట్రా, పిచ్చి సన్నాసీ" అని రాశావు. అప్పుడు నాకు తలకెక్కలేదు. యంత్రం వచ్చిన రోజు పొద్దున్నే నిచ్చెన వేయించాను. కాస్పర్ ఎక్కాడు. వాల్‌బుర్గా వాకిట్లోకి వచ్చింది. అడ్డుపడుతుందనుకుని పోట్లాటకు సిద్ధమయ్యాను.

"ఆపమంటావా?" అన్నాను.

"ఎందుకు ఆపమంటాను? ఎప్పుడు తీస్తావా అని ఏళ్ళ తరబడి చూస్తున్నాను."

"మరి ఆ రోజు భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయావే?"

"కూర్చుంటే నీకు అంతా చెప్పాల్సొచ్చేది" అని నా చెయ్యి పట్టుకుని బార్లీ కొట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"ఆయనకు నువ్వంటే పడేది కాదు, కిలియాన్."

"నా పని ఎంతో మెచ్చుకునేవాడు!"

"పనినే మెచ్చుకునేవాడు. నువ్వు వంటింట్లోకొస్తే మాత్రం నా మొహం కేసి చూసేవాడు. 'వాడొస్తే నీ మొహం విచ్చుకుంటుంది, నేనొస్తే ముడుచుకుంటుంది' అనేవాడు. నీకు పస్సావు పట్నంలో వేరే పని కూడా మాట్లాడాడు. పంపించేసేవాడే. ఇంతలో జ్వరం తగిలింది."

"మన మధ్య అప్పుడేమీ లేదు కదా!"

"నీ వైపు లేదు" అంది.

తలుపుకు వీపు ఆనించి మళ్ళీ తనే అంది: "డాక్టరు బయటికొచ్చి 'ఇక లేడమ్మా' అన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. నువ్విక పస్సావు వెళ్ళక్కర్లేదు అనిపించింది. మొదట అదే అనిపించింది. ఆదివారం ఆదివారం వెళ్ళి క్షమించమని ఆయన్ని బతిమాలుకునేది అందుకే."

నేను ఎగిరి గంతెయ్యాలి కదా అక్కా! పక్కనున్న బార్లీ బస్తా మీద కూర్చుండిపోయాను. ఏళ్ళ తరబడి ఆయన పక్కన నిలబడి కాగు కలియబెట్టాను. భుజం తట్టి "శభాష్" అనేవాడు. లోపల ఏం మండుతోందో నేను కనిపెట్టలేదు. ఆ మంట ఎలా ఉంటుందో ఇప్పుడు నాకంటే బాగా ఎవరికి తెలుసు?

బయటికొచ్చి కాస్పర్‌తో "ఉండనీ, దింపకు" అన్నాను. నా వెనకే వాల్‌బుర్గా "దింపు" అంది.

"ముందు మీరిద్దరూ తేల్చుకోండి. ఈలోపు నేనో గ్లాసు లాగించి వస్తా" అని వాడు నిచ్చెన దిగిపోయాడు.

చివరికి ఆమె మాటే నెగ్గింది. ఇప్పుడు గేటు మీద ఉన్నది నా పేరే. చూసి పొంగిపోతాననుకున్నాను. దాని కిందనుంచి తల వంచుకునే వస్తున్నాను, పోతున్నాను.

నిన్న ఆదివారం "నేనూ వస్తాను" అన్నాను. వాల్‌బుర్గా ఈసారి వద్దనలేదు. సమాధి ముందు టోపీ తీసి నిలబడ్డాను. "అయ్యగారూ" అనే పాత పిలుపు దానంతటదే నోట్లోంచి వచ్చింది. వాల్‌బుర్గా నా చెయ్యి వదిలి, మా మధ్య తానెందుకన్నట్టు దూరంగా జరిగింది.

చాలాసేపు మాట్లాడాను, అక్కా.

నీ
కిలియాన్