జ్వరం తగ్గిన తర్వాతి మాట

కోదాడ

పట్టణ ఆరోగ్య ప్రచార అధికారి గారి సముఖమునకు, ధాన్యం వ్యాపారం చేసుకొను ఇమ్మడి ఆనందం వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: చెత్త ఆటో మైకులో వచ్చు డెంగీ ప్రకటనను, అందలి గొంతును ఆపించుట గురించి.

1. ప్రతి ఉదయం మా వీధికి చెత్త ఆటో వచ్చును. అందులో "అమ్మలారా, అక్కలారా, ఒక్క మాట వినండి" అని పిలుచు గొంతు నా కుమార్తె స్పందనది. ఇంజనీరింగ్ చదువుచుండగా, తమ కార్యాలయం వారు అడిగినందున ఎండాకాలంలో చదివి ఇచ్చినది. ఈ వానాకాలంలో డెంగీతోనే చనిపోయినది. గొంతు మాత్రం ఒక్కరోజు నాగా పెట్టలేదు.

2. ప్రకటనలో తప్పు లేదు. తొట్లలో నీళ్లు పారబోయండి, జ్వరం వస్తే దవాఖానకు వెళ్లండి, తగ్గేవరకు విశ్రాంతి తీసుకోండి అని ఉన్నది. అక్కడితో ముగియును. మా కష్టం అక్కడే మొదలైనది.

జ్వరం జారిన రోజు ఇంట్లో అందరమూ సంతోషపడ్డాము. మా ఇళ్లలో రివాజు తమకు తెలియనిది కాదు. ఒళ్లు చల్లబడితే తలస్నానం, ఆపైన బీరకాయ కూరతో పథ్యం. "అమ్మా, కడుపుల నొస్తుంది, చేతులు సల్లగైతున్నయ్" అన్నది పిల్ల. "నీరసం బిడ్డా, రెండు ముద్దలు తింటే తక్కువైతది" అన్నది నా భార్య కమల. నేను నిశ్చింతగా కొట్టు తెరవడానికి పోయినాను. సాయంత్రం సూర్యాపేట చేర్చేసరికి నాడి అందలేదు.

3. "జ్వరం తగ్గింది గదమ్మా, మరెట్ల?" అని అక్కడి డాక్టరమ్మ దేవిక గారిని అడిగితిని. ఆమె చెప్పినది: "వైరస్ అప్పటికే తగ్గుతున్నది. ఒంట్ల రక్షణ కణాలు ఒకదానికొకటి హెచ్చరికలు పంపుకుంటయ్. అవి మితిమీరినయ్. వాటి దెబ్బకు రక్తనాళాల గోడలు సడలి, లోపలి నీరు బయటికి కారింది. చిన్నప్పుడొకసారి డెంగీ వచ్చిందన్నరు గద. రెండోసారి వేరే రకం సోకితే ఈ ప్రమాదం ఎక్కువుంటది." కంచే చేను మేసిందన్నమాట. దోమ మీద కోపం పెట్టుకుందామన్నా ఆ వీలు కూడా నాకు మిగలలేదు.

4. కమల రోజూ చెత్తబుట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడి, పిలుపు వినగానే "వస్తున్న బిడ్డా" అంటున్నది. ఆటో సందు మలుపు తిరిగినా బుట్ట చేతిలోనే ఉంటున్నది. నాకు భయమగుచున్నది. నా సంగతి కూడా బాగాలేదు. ఆటో రాని వేళల్లో, కొట్లో వడ్లు తూస్తుండగా ఆ పిలుపు వినబడుచున్నది.

5. నిన్న ఎదురింటి పద్మమ్మ మనుమరాలికి జ్వరం జారింది. వాళ్లూ స్నానానికి నీళ్లు పెట్టినారు. కమల పోయి పొయ్యి ఆర్పి, పిల్లను దవాఖానకు పంపించినది. సెలైన్ ఎక్కుచున్నది, కోలుకుంటున్నది. ఊరిలోని పొయ్యిలన్నిటి దగ్గరికీ కమల పోజాలదు గదా.

కావున ఆ ప్రకటన ఆపించి, జ్వరం తగ్గిన తర్వాతి రెండు మూడు రోజులే గండమని, కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడే చేతులు కనిపిస్తే పథ్యం సంగతి పక్కనబెట్టి దవాఖానకు పరుగెత్తాలని మరొకరి గొంతుతో చెప్పించగలరు. నా బిడ్డ గొంతు వినకుండా బతకడం ఎట్లాగో నాకు తెలియదు. అయినా అడుగుచున్నాను.

ఈ తండ్రి మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇమ్మడి ఆనందం

సారు, నేను కమలను. మా ఆయన సంతకం పెట్టి పక్కకు పోయిండు, కింద నేను రాస్తున్న. గొంతు బంద్ చెయ్యకుండ్రి. నాకు పిచ్చి లేదు. నా బిడ్డ లేదని నాకు ఎరుకే. "అమ్మలారా, అక్కలారా" అన్న పిలుపు దానిదే ఉంచుండ్రి. అది పిలిస్తే అందరు బయటికొస్తరు. తర్వాతి మాట నేను చెప్త, మైకు పంపుండ్రి. ఆ రోజు నీళ్లు కాచింది నేను, రెండు ముద్దలు తినుమన్నది నేను. నేను చెప్తే ఇంటరు.