బొడిపె మీద లేసు

రెడ్డిగూడెం,
అక్టోబరు 1986.

బాలస్వామి బాబుకి,

మా తమ్ముడు చిన్నరాయప్పతో మంచుకొండల్లో మిలట్రీ డ్యూటీ చేసినవాడివని నిన్నే అడుగుతున్నాను. శవపేటిక తెరవొద్దన్నారు. తెరవకుండానే పూడ్చాం. వాడి కాళ్ళనుంచి తీసినవని ఒక జత బూట్లు విడిగా ఇచ్చారు. అమ్మ వాటిని రోజూ తుడిచి గుమ్మం పక్కన పెడుతోంది.

మామిడికాయలు కోస్తూ చెట్టు మీంచి పడ్డప్పటినుంచీ వాడి కుడిపాదం మీద బొడిపె ఉండేది. సెలవుకొచ్చినప్పుడు బూటు తొడుక్కుంటూ నాకు చూపించేవాడు. "బొడిపె మీద లేసు పడితే నడవలేనక్కా. అక్కడ అడ్డంగా వెయ్యకుండా పక్కనుంచి పైకి లాగి, చీలమండ దగ్గర రెండు మెలికలేస్తే మడమ కదలదు" అనేవాడు.

ఈ కుడిబూటుకి కింది నుంచి పైదాకా లేసు అడ్డంగానే ఉంది. మెలికలు లేవు. విప్పి చూడటానికి నాకు చెయ్యి రావడం లేదు.

సమాధుల పండుగ దగ్గరికొచ్చింది, వాడి సమాధి మీద కొవ్వొత్తి పెట్టాలి. పంపేముందు బూట్లు శుభ్రం చేసి, లేసులు మళ్ళీ వేసింది నువ్వేనని రాయి బాబూ. జవాబు నేను పనిచేసే బడి అడ్రసుకే పంపు. ఇంటికొచ్చిన ఉత్తరాలు అమ్మకి చదివి వినిపించాలి.

నువ్వు కాకపోతే, మేం పూడ్చిన బిడ్డ పేరేంటో కనుక్కో. ఆ పేరుతోనే కొవ్వొత్తి వెలిగిస్తాను.

ప్రార్థనలతో,
అక్క